స్పెల్లింగు తేలని ఆరు వారాలు

"స్పెల్లింగులు తేలినంక సారుకు ఇంక పనేముంటది చెల్లె?" అన్నాడు మా ఆఫీసు నడిపే అన్న. తోడబుట్టిన అన్న కాదు, జీతమిచ్చే అన్న. టీ గ్లాసు చేతిలో పట్టుకుని, ఫోన్లో ఏదో చూస్తూ, ఇవాళ ఎండ ఎక్కువుంది అన్నంత మామూలుగా అన్నాడు. చెడ్డగా అని ఉంటే బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని. మామూలుగా అనేసరికి తలూపి వచ్చి నా సీట్లో కూర్చున్నాను. ఆ రోజు నుంచి ఆరు వారాలు నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటో పోవాలనిపించేది.

మా ఆఫీసు నిజామాబాద్ బస్టాండుకు నడిచిపోయేంత దూరంలో, ఒక టైర్ల దుకాణం పైన. మేం తయారు చేసేది ఒక యాప్. పసుపు తవ్వాక ఉడకబెట్టడానికి ఊళ్ళల్లోకి బాయిలరు మిషన్లు వస్తాయి. ఏ రైతు కల్లానికి ఏ రోజు మిషన్ వస్తుందో ఫోన్లోనే వరుస పెట్టుకునే ఏర్పాటు అది. రైతులకు కనిపించేదంతా తెలుగు. మిషన్ల ఓనర్లకూ, వాళ్ళ ఆఫీసుల్లో కూర్చునేవాళ్ళకూ కనిపించేదంతా ఇంగ్లీషు. మూడేళ్ళలో దాని మీద ఐదారు చేతులు పడ్డాయి. ఒక్కొక్కరూ పని నేర్చుకోవడం, హైదరాబాద్ బస్సెక్కడం. చివరికి ముగ్గురం మిగిలాం: అన్న, నేను, సారు.

పోయినవాళ్ళు ఎవరికొచ్చిన ఇంగ్లీషు వాళ్ళు రాసి పోయారు. రంగు అనే మాటకు ఒకరు ఇంగ్లండు వాళ్ళలా 'యూ' పెట్టారు, ఇంకొకరు అమెరికా వాళ్ళలా తీసేశారు. వరుస రద్దయిందని చెప్పే మాటకు స్క్రీన్ పైన రెండు 'ఎల్'లు, అదే స్క్రీన్ కింద ఒకటే 'ఎల్'. ఈ యాప్‌ను మా దగ్గర తీసుకుని నడపడానికి హైదరాబాద్ కంపెనీ ఒకటి ముందుకొచ్చింది. వాళ్ళ మనిషి అంతా చూసి, పని బాగుంది కానీ ఇంగ్లీషు రెండు రకాలుగా ఉంది, ఏదో ఒక పద్ధతి ఎంచుకుని, ఆ నియమాన్ని రాసిపెట్టి, మొత్తం అందులోకి మార్చి ఇవ్వండి అని కబురు పెట్టాడు. ఎన్ని రోజుల పని అని అన్న అడిగితే, "రెండ్రోజులు సాలన్నా" అని ఠక్కున చెప్పింది నేనే. నా నోటికి తాళం లేదు. ఆ తర్వాతే అన్న సారు మాట ఎత్తాడు. యాప్ అటు పోయాక ఇక్కడ మిగిలేది నేనొక్కదాన్నే చేసుకోగల పని. ఇంగ్లీషు చదివి దిద్దే మనిషి అక్కరలేదు.

సారంటే బోధన్‌లో నాకు టైపు నేర్పిన సారు. చక్కెర ఫ్యాక్టరీ ఇవాళ మూతపడుతుందా రేపు మూతపడుతుందా అని ఊరంతా అదే ముచ్చటగా ఉన్న రోజుల్లో, అక్కడే పనిచేసే మా బాపు నన్ను తీసుకుపోయి సారు దగ్గర చేర్పించాడు. చేతిలో ఏదో ఒక పని ఉండాలన్నాడు. రేకుల గదిలో పన్నెండు మిషన్లు. రబ్బరు పెట్టి తుడవడమనేది లేదు. తప్పు పడితే కాగితం తీసేసి, కొత్తది ఎక్కించి, మొదటి నుంచి కొట్టాలి. చివరి వరుసలో పడినా అంతే. నాకేమో ముక్కు మీదే కోపం. కీలను గుద్దుతుంటే సారు వెనక నిలబడి, "కోపం ఏళ్ళల్ల పెట్టకు బిడ్డా, రిబ్బన్ చినుగుతది" అనేవారు.

కంప్యూటర్లు వచ్చి ఆ గది ఖాళీ అయింది. మిషన్లు పాత ఇనుముకు పోయాయి. తర్వాత కొన్నేళ్ళు సారు ఒక జిరాక్సు సెంటర్లో మూలన స్టూలు మీద కూర్చుని, వచ్చిపోయేవాళ్ళకు దరఖాస్తులు నింపిపెట్టారు. ఒకరోజు ఎవడో కుర్రాడు "జల్ది రాయి పెద్దమనిషీ" అని ఆయన మీద గద్దించడం నా కళ్ళతో చూశాను. తట్టుకోలేకపోయాను. అన్నతో వారం పాటు పోట్లాడి సారును ఆఫీసుకు తెచ్చాను. ఈ స్పెల్లింగుల గొడవ నాటికి దానికి రెండేళ్ళయింది. మెడలో వేసుకునే ఆఫీసు కార్డును నేను మెట్లెక్కుతూ సంచిలో వెతుక్కునేదాన్ని. సారు మాత్రం బోధన్‌లో ఇంటి దగ్గరే వేసుకుని, ఊరంతటికీ కనిపించేలా నడుచుకుంటూ బస్టాండుకు వచ్చేవారు. యాభై ఏడేళ్ళ మనిషి. ఈ పని పోతే మళ్ళీ ఆ స్టూలే కదా అని నా భయం.

ఇంట్లో మా ఆయనకు చెప్పుకుంటే, "సారుకు ఒక్కమాట చెప్పెయ్యరాదు? తిప్పలేదో ఆయన జూసుకుంటడు" అన్నాడు. "నీకు మనసనేదే లేదు" అని మీద పడ్డాను. ఎట్లా చెప్పడం? రమ్మని పిలిచిన నోటితోనే పొమ్మనాలా? చెప్పకుండా తప్పించుకునే దారి ఒకటి తోచింది నాకు. స్పెల్లింగులు తేలితే కదా సారు పోయేది, తేలనివ్వకపోతే సరి! ఈలోపు ఆఫీసుకు ఇంకో పనేదైనా వస్తుంది, అందులో ఆయన్ను సర్దేయొచ్చు. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మొదటి రోజు సారు కుర్చీలో నిటారుగా కూర్చుని, "ఇంగ్లండు పద్ధతే పెడదాం. మనోళ్ళు బడిల చదివింది అదే" అన్నారు.

"లేదు సార్, అమెరికాదే. కంప్యూటరు భాషలన్నీ గట్లనే ఉంటయ్" అన్నాను వెంటనే. ఆయన అమెరికా అని ఉంటే నేను ఇంగ్లండు అని ఉండేదాన్ని.

"యూ తీసేస్తే మాట కుంటుతున్నట్టు ఉంటది బిడ్డా."

"మీ కంటికి కుంటుతది సార్, కంప్యూటరుకు మంచిగనే ఉర్కుతది."

నిజానికి నా మాటలోనూ కొంత న్యాయం ఉంది. మేం వాడే సామాను అంతా అమెరికా వాళ్ళు తయారు చేసిందే. మా మాటలు దాంట్లో కలిసిపోవాలంటే అదే పద్ధతి తేలిక. సారు మాటలోనూ న్యాయం ఉంది. మిషన్ల ఓనర్లు చదివింది మన బడి పుస్తకాలే, వాళ్ళ కంటికి ఆ స్పెల్లింగే అలవాటు. రెండింట్లో ఏదైనా పనికొస్తుంది, ఒక్కటే ఉంటే చాలు. అంత చిన్న సంగతిని పట్టుకుని మూడు రోజులు లొల్లి పెట్టుకున్నాం. అన్న లోపలికి రాగానే ఇద్దరం గొంతు పెంచేవాళ్ళం, ఆయన పని మీది ప్రేమతో, నేను దొంగబుద్ధితో.

సారు పని చేసే తీరు వేరు. స్క్రీన్ మీద చదివితే తప్పులు దాక్కుంటాయంటారు. ప్రతి స్క్రీన్‌నూ కాగితం మీదికి తీయించుకుని, ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టి, తర్వాత ఒక పొడుగు నోట్‌బుక్కులో ఎక్కిస్తారు. మాట ఏది, ఎక్కడెక్కడ వస్తుంది, ఎట్లా ఉంది, ఎట్లా ఉండాలి. నేను కంప్యూటరును అడిగితే ఆ జాబితా మొత్తం ఒక్క నిమిషంలో ఇస్తుంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. చేత్తో రాస్తే నెలైనా పడుతుందనుకున్నాను. కానీ సారు నా ఎత్తులకు లొంగే మనిషా! ఆలస్యమవుతోందని కాగితాలు ఇంటికి పట్టుకుపోయి రాశారు. పొద్దున బస్సులో కూర్చుని ఒళ్ళో సంచి పెట్టుకుని, దాని మీద నోట్‌బుక్కు పెట్టుకుని రాశారు. రెండో వారానికే పుస్తకం నిండింది.

ఆయన ఎంత బాగా చేస్తే అంత తొందరగా ఇంటికి పోతారు. ఆ సంగతి ఆయనకు తెలియదు, నాకు తెలుసు. కాలుగాలిన పిల్లిలా ఆఫీసులో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేదాన్ని. కింద టైర్ల దుకాణం ఆయన ఒకరోజు తల పైకెత్తి, "ఏందక్కా, పొద్దటి సంది పైన ఉర్కుడు పెట్టుకున్నవ్?" అని అడిగాడు కూడా.

కొత్త సాకులు వెతికాను. ఊళ్ళ పేర్లు ఇంగ్లీషులో ఎట్లా రాయాలో కూడా తేలాలన్నాను. మెండోరకు చివర 'ఏ' ఉండాలా వద్దా, బాల్కొండకు నడుమ 'కే' పక్కన ఏముండాలి అని అడిగాను. నేను ఊరికే అన్నాను. సారు దాన్నీ ప్రాణంలా పట్టుకున్నారు. ఒక ఆదివారం సెలవు మానుకుని ఆ దారిన పోయి, దుకాణాల బోర్డులూ బస్సుల బోర్డులూ మైలురాళ్ళూ చూసి, ఎక్కడ ఎట్లా ఉందో అంతా రాసుకొచ్చారు. సోమవారం పొద్దున నా ముందు పరిచి, "ఎక్కువ జాగల్ల గిట్ల ఉన్నది బిడ్డా, గిదే కాయం చేద్దాం" అన్నారు. చెప్పుల మీద ఇంకా ఆ దారి దుమ్ము ఉంది. నాకు సిగ్గేసింది, అయినా ఆగలేదు.

"రైతులను కూడా అడుగుదాం సార్, వాడేటోళ్ళు వాళ్ళే కదా" అన్నాను.

రైతులకు ఇంగ్లీషు స్క్రీన్ కనిపించనే కనిపించదు. సారు అది గుర్తుచేస్తారేమోనని చూశాను. ఆయన మొహం వెలిగిపోయింది. "మంచి మాట" అన్నారు.

ఇద్దరం బస్సులో మోర్తాడ్ పోయాం. పసుపు తవ్వకాలు ఊపు మీదున్నాయి. రోడ్డు పక్క కల్లంలో ఒకామె, నా కంటే పదేళ్ళు పెద్దదేమో, పసుపు కొమ్ములు కుప్ప చేయించి, మిషన్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. నేను ఫోన్ చూపించి, రద్దయిందనే ఈ మాటలో నిలువు కట్టెలా ఉన్న ఈ 'ఎల్' ఒకటి ఉంటే బాగుందా రెండుంటే బాగుందా అని అడిగాను. ఆమె ఫోన్‌ను కాదు, నన్ను చూసింది.

"నిజామాబాద్‌కెంచి గిది అడగనీకె అచ్చినవా? ఇంట్ల పనేం లేదా చెల్లె నీకు?"

"చెప్పక్కా, నీకెట్ల మంచిగనిపిస్తే గట్ల పెడ్తం" అన్నాను నవ్వుతూ.

"ఆ కట్టె ఒక్కటుంటే నాకేంది, రెండుంటే నాకేంది? మిషిని రానంటే రానని తెల్వాలె. ఎర్రగ పెట్టుండ్రి. సదువచ్చినోనికి సదువు రానోనికి అందరికి తెలుస్తది."

సారు వెంటనే పెన్ను తీసి రాసుకున్నారు. ఆమె ఆయన వైపు తిరిగి, "సారు మంచోని లెక్కున్నడు, జర ఇది సదువుండ్రి" అని తన ఫోన్లో వచ్చిన ఇంగ్లీషు మెసేజి చూపించింది. విత్తనాల దుకాణం నుంచి వచ్చినది. సారు నింపాదిగా చదివి, అర్థం చెప్పి, ఆమె అడిగిన నాలుగు మాటలకూ జవాబు చెప్పారు. వెళ్ళొస్తామంటే ఆమె ఊరుకోలేదు, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల కారం పెట్టి పంపింది.

తిరుగు బస్సులో సారు ఆగకుండా మాట్లాడారు. "చూసినవా, అసలు మాట ఆమె చెప్పింది. మనం ఎల్‌లు లెక్కపెట్టుకుంట కూసున్నం. ఈ పని కానియ్యి, తర్వాత నెలకో ఊరు తిరిగి అడుగుదాం. మీ అన్నతోని నేను మాట్లాడ్త." ఆయన అంత సంబరంగా ఉండటం నేను రెండేళ్ళలో చూడలేదు. అప్పుడే చెప్పేయాల్సింది. పెదవి దాకా వచ్చింది. ఆర్మూర్ వచ్చింది, జనం ఎక్కారు, మాట మింగేశాను.

ఐదో వారంలో ఒక సాయంత్రం, మేమిద్దరం రోజూ ఇంటికి పోయే బోధన్ బస్సులో. ఆడవాళ్ళకు టికెట్ లేకుండా అయినప్పటి నుంచి ఆ బస్సులో మగవాళ్ళకు సీటు దొరకడం గగనం. అందుకని నేనే ముందు ఎక్కి సంచి వేసి సారుకు సీటు ఆపేదాన్ని. ఆ రోజు కూర్చున్న చాలాసేపటికి ఆయన మెల్లగా అడిగారు.

"నా ఇంగ్లీషు మీద నీకు నమ్మకం పోయిందా బిడ్డా?"

"గట్లెందుకంటున్నరు సార్?"

"నేనేం రాసినా కాదంటున్నవ్. నెల దాటింది. వయసైపోయింది, తప్పులు పోతున్నయేమో, నువ్వు నా ముఖం మీద అనలేక తిప్పుతున్నవేమో అనిపిస్తుంది. ఉంటే చెప్పు. నేనేమనుకోను."

దేవుడా! ఆయన ఎక్కడికి పోయారు, నేను ఎక్కడున్నాను! తన ఇంగ్లీషును తానే అనుమానించుకునే దాకా తెచ్చాను ఆ మనిషిని. కాళ్ళ మీద పడాల్సిన మాటకు నాకు కోపం వచ్చింది. దొరికిపోయినప్పుడు నాకు ముందొచ్చేది కోపమే. "గవన్నీ మీరు ఊహించుకుంటున్నరు సార్, ఊకె పరేషాన్ చెయ్యకుండ్రి నన్ను" అని కసిరాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. మర్నాడు పొద్దున నేను సీటు ఆపిపెట్టినా, వెనక ఎవరితోనో నిలబడే వచ్చారు.

ఆ తర్వాతి వారం అన్నకూ ఓపిక చచ్చింది. హైదరాబాద్ వాళ్ళు రోజూ ఫోన్ చేస్తున్నారట. సారు పక్క గదిలో ఉండగానే నా మీద లేచాడు.

"రెండ్రోజులన్నవ్. ఆరు వారాలైతుంది! గీ ఎల్ల పంచాయితి ఎన్నడు తెంపుతవ్? నీతోని కాకపోతే కాదని చెప్పు, ఇంకోలను పెట్టుకుంట."

నేను తల దించుకుని విన్నాను. జవాబుంది, చెప్పడానికి వీల్లేదు. పక్క గదిలో కుర్చీ కదిలిన చప్పుడైంది.

సోమవారం పొద్దున సారు నాకంటే ముందు వచ్చి కూర్చున్నారు. బల్ల మీద కొత్త నోట్‌బుక్కు. తెరిచి చూశాను. మొదటి పేజీలో నియమాలు, అన్నీ అమెరికా పద్ధతిలో. తర్వాత ప్రతి మాటా, ప్రతి చోటూ, మళ్ళీ మొదటి నుంచి, నా పద్ధతిలో. ఎక్కడా కొట్టివేత లేదు. ఇరవై ఏళ్ళు పిల్లలకు నేర్పిన స్పెల్లింగును రెండు రోజుల సెలవులో తన చేత్తోనే తీసేసి తెచ్చారు. కళ్ళ కింద నల్లగా ఉంది.

"నీ మాటనే కానియ్యి బిడ్డా. ఒక్కటుండుడు ముఖ్యం, ఏదైతేంది. నా మూలంగ నీ మీద మాట రావద్దు."

ఇక నా దగ్గర ఏ సాకూ మిగల్లేదు. కంప్యూటరు తెరిచి పనిలో కూర్చున్నాను. ఆయన నోట్‌బుక్కు పక్కన పెట్టుకుని ఒక్కొక్క మాటా మార్చుకుంటూ పోయాను. ఒక్క చోట కూడా ఆయన లెక్క తప్పలేదు. రద్దయిన వరుసను ఎర్రగా చూపించమన్న మోర్తాడ్ ఆమె మాట కూడా చివరి పేజీలో రాసి ఉంది, అదీ పెట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళకు అంతా అయిపోయింది. అన్న చూసి, "శభాష్" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించి, "సారుకు నువ్వే చెప్పు చెల్లె, నీ మాటైతే ఇంటడు" అన్నాడు.

సాయంత్రం బస్సులో చెప్పాను. మొత్తం చెప్పాను. అన్న మొదటి రోజు అన్న మాట, నేను వేసిన ఎత్తులు, మోర్తాడ్ ఎందుకు తీసుకుపోయానో, అంతా. మీ ఇంగ్లీషులో ఒక్క తప్పు కూడా లేదు సార్ అన్నాను. మీ పని పోవద్దనే చేశాను అన్నాను. తిడతారని చూశాను. తిడితే నాకు ఊపిరి ఆడేది.

బస్సు ఎడపల్లి దాటింది.

"నీకు ఎప్పటి సంది తెల్సు?" అన్నారు సారు.

"ఆరు వారాల సంది సార్."

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క చూసుకున్నారు. "మా గల్లీల బడి ఉన్నది కదా, అండ్ల ఆఫీసు పనికి మనిషి కావాలని వాళ్ళే ఇంటికచ్చిండ్రు. ఐదు వారాలైతుందేమో. కాయితాలు రాసుడు, పిల్లల సర్టిఫికెట్లు చూసుడు. ఇంటికెంచి నడిచిపోవచ్చు. రెండు సార్లు వచ్చి అడిగిండ్రు."

"మీరేమన్నరు సార్?"

"ఆఫీసుల పని సగంల ఉన్నది, బిడ్డ ఒక్కతే అయితది, ఇడిసిపెట్టి రానన్న. పోయిన సోమారం ఇంకొకర్ని పెట్టుకున్నరు."

ఆయన గొంతులో కోపం లేదు. ఉన్న సంగతి చెప్పారు, అంతే. నేను మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాను. ముందు సీట్లో ఆమె తిరిగి చూసింది. ఆయన్ను స్టూలు మీదికి పోనివ్వకూడదని ఆరు వారాలు పాటుపడి, ఆ స్టూలు దగ్గరికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. మొదటి రోజే నోరు విప్పి ఉంటే ఈపాటికి ఆ బడిలో కుర్చీలో ఉండేవారు.

బోధన్ బస్టాండులో దిగాం. సారు సంచి భుజాన వేసుకుని నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగారు.

"రేపు ఆఫీసుకు నేను రావాల్నా బిడ్డా, వద్దా?"

నేను నోరు తెరిచాను. సారు చివరి రోజు ఏదో, అన్నను ఆ ఒక్క మాటా అడగనే లేదు.